కదిలే వీపు, కదలని జీను

మలక్‌పేట రేసుకోర్సులో జాకీ వేసుకునే జీను చాలాసార్లు కిలో బరువు కూడా ఉండదు. 1600 మీటర్ల పందెం రెండు నిమిషాల లోపే తేలిపోతుంది. ఆ కాసేపూ జాకీ రికాబుల మీద లేచి వంగి ఉంటాడే తప్ప జీను మీద చతికిలబడడు. అలాంటి జీను ఒకింత అటూ ఇటూ అయినా గుర్రం ఓర్చుకుంటుంది. కెనడాలో ఆల్బర్టా కొండపాదాల్లోనో, ఒంటారియో అడవి బాటల్లోనో సాగే ఎండ్యూరెన్స్ రైడింగ్ సంగతి వేరు. అక్కడ ఒక రోజు పోటీ అంటే 80 కిలోమీటర్లు, పెద్ద పోటీల్లో 160. తెల్లవారకముందే బయలుదేరి చీకటి పడ్డాక, తలకు కట్టుకున్న లైటు వెలుగులో గమ్యం చేరేవాళ్లూ ఉంటారు.

ఈ పోటీల్లో గుర్రం ఎక్కువసేపు చేసేది ట్రాట్. నడకకూ పరుగుకూ మధ్య, ఎదురెదురు మూలల కాళ్లు జంటగా పడుతూ సాగే గమనం అది. ఒక పూర్తి అంగకు దాదాపు రెండున్నర నుంచి మూడు మీటర్ల నేల గడుస్తుంది. 80 కిలోమీటర్లకు దాదాపు 30 వేల అంగలు. ఒక్కో అంగలో రెండుసార్లు రౌతు బరువు వీపు మీదికి దిగుతుంది. అంటే జీను కింద ఒక చోట నొక్కుడు ఉంటే, సాయంత్రంలోగా ఆ చోట అరవై వేల దెబ్బలు పడతాయి. ఇంత లెక్క ఉంది కాబట్టే ఈ క్రీడలో గుర్రం తర్వాత అంత పెద్ద ఖర్చు, అంత పెద్ద తలనొప్పి జీనే.

ఈ పోటీల నియమాలు కూడా వీపును వదిలిపెట్టవు. దారిని కొన్ని భాగాలుగా విడగొట్టి, ఒక్కో భాగం చివర పశువైద్యుడు గుర్రాన్ని పరీక్షిస్తాడు. గుండె వేగం నిర్ణీత సమయంలోగా సాధారణంగా నిమిషానికి 64కు దిగాలి. తర్వాత చిగుళ్ల రంగు, పేగుల చప్పుడు, చర్మాన్ని గిల్లి వదిలితే ఎంత త్వరగా సర్దుకుంటుందన్నది, నడకలో కుంటు చూస్తారు. ఆ పరీక్షా పత్రంలోనే వీపుకీ మూపుకీ ఒక గడి, పట్టీల ఒరిపిడి పుండ్లకు మరో గడి ఉంటాయి. వైద్యుడు రెండు వేళ్లతో వెన్ను పొడవునా నొక్కుకుంటూ పోతాడు. గుర్రం ఒళ్లు కుదించుకుని కిందికి వంగితే ఆ గడిలో మార్కు పడిపోతుంది. నొప్పి ఎక్కువైతే పోటీ అక్కడికి సరి. గుండె, ఊపిరి, కాళ్లు అన్నీ బాగుండి కేవలం జీను వల్ల ఇంటికి వెళ్లడం కన్నా కడుపుమంట ఇంకొకటి ఉండదు.

ఈ క్రీడ ఆధునిక రూపం 1955లో కాలిఫోర్నియాలో మొదలైంది. వెండెల్ రోబీ అనే ఆయన మరికొందరు రౌతులతో టాహో సరస్సు వైపు నుంచి ఆబర్న్ ఊరిదాకా ఒక రోజులో వంద మైళ్లు స్వారీ చేశాడు. అదే ఇప్పటి టెవిస్ కప్. అయితే రోజుల తరబడి జీను మీదే బతకడం కెనడా పచ్చిక మైదానాలకు అంతకు ఎనభై ఏళ్ల ముందే తెలుసు. 1874 జూలై 8న నార్త్ వెస్ట్ మౌంటెడ్ పోలీసు దళం మానిటోబాలోని డఫరిన్ కోట దగ్గర నుంచి పడమరకు బయలుదేరింది. దళాధిపతి జార్జ్ ఆర్థర్ ఫ్రెంచ్. ముందూ వెనకా దాదాపు 275 మంది, వాళ్ల గుర్రాలు, ఎడ్లబళ్లు. గుర్రాలను రంగుల వారీగా విభాగాలకు పంచారు: ఒక విభాగానికి నల్లవి, ఒక విభాగానికి బూడిదరంగువి, ఇలా. చూపుకు బాగుంది కానీ, తూర్పు నుంచి తెచ్చిన ఆ మేలుజాతి గుర్రాలు మైదానపు ఎండకూ నీటి కొరతకూ గడ్డి లేమికీ దారి పొడవునా కూలిపోయాయి. చావులకు అసలు కారణం తిండీ నీళ్లూ. అయితే ఒక విషయం ఇక్కడ గమనించాలి: గుర్రం చిక్కిపోతే ముందు కరిగేది వెన్నుకు ఇరుపక్కలా ఉండే కొవ్వు, కండ. జూలైలో సరిపోయిన జీను సెప్టెంబరుకు ఎముక మీద కూర్చుంటుంది. తర్వాతి దశాబ్దాల్లో ఆ పోలీసులే బ్రిటిష్ సైనిక జీను వదిలేసి, పశువుల కాపర్లు వాడే కాలిఫోర్నియా తరహా పెద్ద జీనుకు మారారు. రోజంతా గుర్రం మీద ఉండేవాడికి ఏది పనికొస్తుందో పశువుల కాపరికి ముందే తెలుసు.

సైన్యాలకు ఈ బాధ ఎంత పెద్దదంటే, బ్రిటిష్ సైనిక పశువైద్యుడు ఫ్రెడరిక్ స్మిత్ 1891లో అచ్చంగా జీన్ల మీదా వీపు పుండ్ల మీదా ఒక పుస్తకమే రాశాడు. మందులు, శస్త్రచికిత్స అంటూ మొదలుపెట్టకుండా, పుండును ఒక భౌతికశాస్త్ర సమస్యగా చూడటం అందులోని విశేషం.

నిజానికి అది భౌతికశాస్త్రమే. కాడి కింద ఎద్దు మెడ వాచి, తోలు లేచి, పుండు పడటం మన పల్లెల్లో చూడనివాళ్లు అరుదు. బండి బరువు ఒక్కటే ఆ పుండుకు కారణం కాదు. బరువంతా మెడ మీద కాస్త చోటే మోయడం, అదీ ఆగని రాపిడితో మోయడం కారణం. జీను పుండు పుట్టుకా ఇదే దారి. ఒత్తిడి అంటే బలాన్ని వైశాల్యంతో భాగిస్తే వచ్చేది. బలం తగ్గించలేకపోతే వైశాల్యం పెంచాలి. జీను చేసే పని మొత్తం ఇంతే: రౌతు బరువును వెన్నెముక మీద పడకుండా, దానికి అటూ ఇటూ ఉన్న కండల మీదికి వీలైనంత విశాలంగా పరచడం.

అంకెల్లో చూద్దాం. 70 కిలోల రౌతు, 10 కిలోల జీనూ సరంజామా. మొత్తం దాదాపు 785 న్యూటన్లు. జీను మెత్తలు వీపును 1200 చదరపు సెంటీమీటర్ల మేర సమంగా తాకుతున్నాయనుకుందాం. గుర్రం నిలబడి ఉన్నప్పుడు ఒత్తిడి ఆరున్నర కిలోపాస్కళ్లు. ఇప్పుడు కదిలిద్దాం. వియన్నా పశువైద్య విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో జీను కింద పలచని సెన్సర్ల చాప పరిచి కొలిచారు. నడకలో వీపు మీద పడే గరిష్ఠ బలం రౌతు బరువుకు 1.2 రెట్లు, ట్రాట్‌లో దాదాపు 2.5 రెట్లు, క్యాంటర్ అనే దౌడులో 2.8 రెట్లు తేలింది. అంటే ట్రాట్‌లో మన రౌతు ఒక్కో అడుగుకూ క్షణం పాటు 170 కిలోల మనిషిలా దిగుతాడు. ఒత్తిడి 14 కిలోపాస్కళ్లకు చేరుతుంది. ఇదంతా జీను సంపూర్ణంగా అమరితేనే. జీను ముందూ వెనకా మాత్రమే ఆని, నడుమ వంతెనలా గాలిలో తేలుతుంటే తాకే వైశాల్యం మూడో వంతుకు పడిపోవచ్చు. అప్పుడు అదే రౌతు 40కి పైన నొక్కుతాడు. పరిశోధకులు సాధారణంగా ఆమోదించే హద్దులు సగటున 11 కిలోపాస్కళ్లు, ఏ ఒక్క చోటైనా గరిష్ఠంగా 30. వాటిని మించిన చోట వీపు నొప్పి ఎక్కువగా కనబడింది.

చర్మం లోపల జరిగేది ఇది. కేశనాళికల్లో రక్తపు ఒత్తిడి దాదాపు 4 కిలోపాస్కళ్లే. పైనుంచి అంతకు మించిన నొక్కుడు ఎడతెగకుండా ఉంటే నాళికలు మూసుకుపోతాయి, కణాలకు ఆక్సిజన్ అందదు. ట్రాట్‌లో ప్రతి అంగకూ రెండుసార్లు గుర్రం గాలిలోకి లేస్తుంది కాబట్టి ఒత్తిడి సున్నా దగ్గరికి పడిపోయి, రక్తం మళ్లీ పారడానికి సందు దొరుకుతుంది. ఎప్పుడూ సడలని చోటే ప్రమాదం. మూపు పక్కన ఇరుకు జీను బిగపట్టిన చోటు అలాంటిది. కదలకుండా నిలబడిన గుర్రం మీద రౌతు కూర్చుని కబుర్లు చెప్పడం కూడా అలాంటిదే. అనుభవం ఉన్న రౌతులు ఎక్కడ ఆగినా ముందు కిందికి దిగుతారు, నిటారు దిగుళ్లలో పగ్గం పట్టుకుని పక్కన పరిగెత్తుతారు. ఇందులో దయతో పాటు లెక్క కూడా ఉంది.

దెబ్బతిన్న చోట మొదట చెమట పట్టదు, ఎందుకంటే చెమట గ్రంథులకూ రక్తం కావాలి. తర్వాత వాపు. నెలల తర్వాత, నల్ల గుర్రం మూపు మీద తెల్ల వెంట్రుకల మచ్చ. వెంట్రుక కుదుట్లో రంగు తయారుచేసే కణాలు చనిపోయాయన్నమాట. కొనడానికి వెళ్లినప్పుడు గుర్రం వయసు గురించి యజమాని ఏం చెప్పినా, ఆ మచ్చలు పాత జీను గురించి నిజం చెబుతాయి.

ఇక వీపు నిర్మాణం. గుర్రానికి ఛాతీ భాగంలో 18 వెన్నుపూసలు, వాటికి 18 జతల పక్కటెముకలు. ముందరి పూసల నుంచి ముళ్లలాంటి ఎముకలు పైకి పొడుచుకు వస్తాయి. మెడ ముగిసే చోట ఎత్తుగా కనిపించే మూపు అదే. దాని వెనక వీపు కొంచెం పల్లమై, మళ్లీ నడుం దగ్గర లేస్తుంది. నడుంలో సాధారణంగా 6 పూసలు, కొన్ని అరబ్బీ గుర్రాల్లో 5. అక్కడ పక్కటెముకల ఆసరా లేదు. కాబట్టి జీను బరువు చివరి పక్కటెముకను దాటి వెనక్కి పోకూడదు. ఆ పక్కటెముకను కడుపు పక్క నుంచి వేళ్లతో తడుముతూ పైకి వెళ్లి గుర్తించవచ్చు. మొదటిసారి చేసిన వాళ్లకు చాలామందికి తమ జీను ఎంత పొడవుందో అప్పుడే తెలిసొస్తుంది. అరబ్బీ గుర్రాల వీపు పొట్టి, రౌతు మాత్రం పొట్టివాడు కాకపోవచ్చు. ఆ తగాదాలో గెలవాల్సింది గుర్రం.

ముందు వైపు హద్దు ఇంకా చిక్కుది, ఎందుకంటే అది కదులుతుంది. మనకున్న కాలర్‌బోన్ గుర్రానికి లేదు. ముంగాళ్లను మొండేనికి కలిపేది కండలూ స్నాయువులే తప్ప ఎముక కీలు కాదు. ముంగాలు ముందుకు చాచినప్పుడల్లా భుజపు పలక ఎముక పైకొస వెనక్కి తిరుగుతూ జీను కిందికి వస్తుంది. నిలబడిన గుర్రానికి చక్కగా అమరినట్టు కనిపించిన జీను పరుగులో ఆ ఎముకను అడ్డుకునేది ఇందుకే. గుర్రం ఏం చేస్తుంది? అంగ కురచ చేసుకుంటుంది. 160 కిలోమీటర్లలో కురచ అంగ అంటే కొన్ని వేల అడుగులు అదనం.

అందువల్ల జీనును మూపు మీద కొంచెం ముందుకే పెట్టి, వెనక్కి జరుపుతూ అది తానుగా ఆగే చోటు వెతకాలి. జీను చట్రం ముందు అంచు పలక ఎముక వెనక అంచుకు రెండు మూడు వేళ్ల దూరంలో ఉండాలి. చాలామంది రౌతులు చేసే పొరపాటు జీనును ముందుకే వదిలేయడం. ముందుకు పెడితే ముందు భాగం ఎత్తై, రౌతు వెనక్కి జారి, బరువంతా వెనక అంచుల మీద పడుతుంది. అప్పుడు వెనక మెత్త కావాలని దుప్పటి కొంటారు. దుప్పటితో ఇంకో సమస్య. అసలు రోగం ముందు భాగంలో ఉంది.

దుప్పట్ల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. జీను ఇరుకైతే దాని కింద మందపాటి ప్యాడ్ వేయడం కెనడాలోనే కాదు, గుర్రాలున్న ప్రతి చోటా ఉన్న అలవాటు. ఇరుకైన దాని కింద ఇంకొంత మందం దూర్చితే ఇంకా ఇరుకవుతుంది, అంతే. సన్నని లోపాలను సర్దడానికి, చెమట పీల్చడానికి ప్యాడ్ పనికొస్తుంది. తప్పు జీనును ఒప్పు జీనుగా మార్చలేదు.

ఇరుకు జీనే చెడ్డది, వెడల్పు జీను క్షేమం అనుకునే వాళ్లూ ఉన్నారు. వియన్నా బృందమే 2007లో ఒకే గుర్రాలకు ఇరుకు, సరైన, మరీ వెడల్పైన చట్రాలు వేసి పోల్చింది. ఇరుకైనా వెడల్పైనా బరువు తక్కువ చోటు మీదికే చేరింది. మరీ వెడల్పైతే ముందు భాగం మూపు మీదికి కుంగి, నేరుగా ముళ్ల ఎముకలను తాకే ప్రమాదం ఇంకా పెద్దది. రౌతు ఎక్కిన తర్వాత కూడా మూపుకూ జీనుకూ మధ్య రెండు మూడు వేళ్ల సందు మిగలాలి. వెన్ను పొడవునా మెత్తల నడుమ కాలువ కూడా మూడు నాలుగు వేళ్ల వెడల్పు ఉండాలి. అది ముందు వెడల్పుగా ఉండి వెనక్కి వెళ్లేకొద్దీ సన్నబడే జీన్లు అంగట్లో ఇప్పటికీ ఉన్నాయి. వాటి జోలికి పోకపోవడం మేలు.

చట్రం విషయంలో నాలుగు సంగతులు చూడాలి: వెడల్పు, మూపు పక్క వాలుతో కలిసే కోణం, వీపు పల్లంతో కలిసే వంపు, ముందు నుంచి వెనక్కి పలకల మెలి. దుకాణంలో మనకు చెప్పేది మొదటిదే: ఇరుకు, మధ్యరకం, వెడల్పు అని. ఈ మూడు మాటలకు అందరూ ఒప్పుకున్న కొలత ఏదీ లేదు. ఒక తయారీదారు మధ్యరకం ఇంకొకరి వెడల్పు. వంపు గురించి సాధారణంగా ఎవరూ చెప్పరు, వంతెన సమస్య పుట్టేది మాత్రం అక్కడే. వీపు కన్నా చట్రం తిన్నగా ఉంటే నడుమ తేలుతుంది, ఎక్కువ వంగి ఉంటే నడుమ ఆని ముందూ వెనకా ఊగుతుంది. జీను మీద ఒక చేయి పెట్టి, రెండో చేతిని మెత్త కిందికి ముందు నుంచి వెనక దాకా నెమ్మదిగా దూర్చితే ఒత్తిడి ఎక్కడ తగ్గిందో, ఎక్కడ బిగిసిందో అరచేతికే తెలుస్తుంది. దీన్ని మించిన పరికరం సెన్సర్ల చాపే, దాని ఖరీదు మామూలు రౌతుకు అందేది కాదు.

ఏ రకం జీను కొనాలి అన్న ప్రశ్నకు జాబితాతో జవాబు చెప్పేవాళ్లను నేను నమ్మను. పశువుల కాపర్ల జీనుకు పెద్ద పలకలు, కాబట్టి వైశాల్యం ఎక్కువ. బరువు మాత్రం పదిహేను కిలోల దాకా పోతుంది, ముందు కొమ్ము ఎక్కుడు దారిలో రౌతు కడుపులో పొడుస్తుంది. ఇంగ్లీషు జీను తేలిక, మెత్తల్లో ఉన్ని నింపి సర్దుకోవచ్చు, తాకే చోటు తక్కువ. ఎండ్యూరెన్స్ పేరుతో అమ్మేవి ఈ రెంటి కలయికలు: కొమ్ము తీసేసి, పలకలు ఉంచి, నీళ్ల సీసాలూ స్పాంజీ కట్టుకోవడానికి చుట్టూ ఇనుప రింగులు, వెడల్పు రికాబులు. 1859లో అమెరికా సైన్యం తీసుకున్న మెక్‌లెలన్ జీను, నడిమధ్య పొడవాటి సందుతో, ఈ క్రీడ తొలినాళ్లలో చాలా వీపుల మీద కనిపించింది. చట్రమే లేని జీన్లు కూడా ఉన్నాయి. మెత్తగా ఉంటే అన్ని గుర్రాలకూ సరిపోతుందని వాటి వాదన. బయోమెకానిక్స్ పరిశోధకురాలు హిలరీ క్లేటన్, ఒకప్పుడు సస్కటూన్‌లోని పశువైద్య కళాశాలలో పనిచేసి తర్వాత మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయానికి వెళ్లినావిడ, తన బృందంతో చట్రం ఉన్న జీనునూ లేని జీనునూ పోల్చి 2012లో ఫలితాలు ప్రచురించింది. చట్రం లేని జీను కింద రౌతు కూర్చునే ఎముకల దగ్గర ఒత్తిడి పోగుపడింది. బరువు పరచడానికి ఏదో ఒక గట్టి వస్తువు కావాలి. తేలిక రౌతులు, జాగ్రత్తగా ఎంచిన ప్యాడ్లతో వీటి మీద వందల కిలోమీటర్లు వెళ్లినవాళ్లు ఉన్నారు, అది కాదనలేం. మెత్తదనం ఉంటే చాలు అమరిక అక్కర్లేదన్న మాట మాత్రం నిలవదు.

కెనడాలో గుర్రాన్ని బట్టి కూడా ప్రశ్న మారుతుంది. ఈ పోటీల్లో ఎక్కువగా అరబ్బీలు, వాటి సంకరాలు. ఇక కెనడా సొంత జాతి, కెనడియన్ హార్స్ అనే పేరుతోనే ఉన్నది, 1665లో ఫ్రాన్సు రాజు 14వ లూయీ న్యూ ఫ్రాన్సుకు పంపిన గుర్రాల సంతతి. 1970ల నాటికి వందల్లోకి పడిపోయి, మళ్లీ కోలుకుని, 2002లో చట్టబద్ధంగా దేశపు జాతీయ అశ్వమైంది. చిన్న ఇనుప గుర్రమని దానికి ముద్దుపేరు. గుండ్రటి మొండెం, వెడల్పు వీపు, అంతగా లేవని మూపు. పొడుగు మూపున్న పందెం గుర్రానికి చేసిన జీను దీని మీద పీట మీద పెట్టిన గిన్నెలా దొర్లుతుంది. అలాంటప్పుడు కడుపు పట్టీని ఊపిరాడకుండా బిగిస్తారు. మోచేతి వెనక ఒరిపిడి పుండ్లు అలా వచ్చేవే.

ఇంతవరకూ చెప్పింది ఒక రోజు, ఒక గుర్రం గురించి. కానీ వీపు స్థిరంగా ఉండదు. ఇంగ్లండులో లీనె గ్రీవె, సూ డైసన్ అనే పశువైద్యులు ఒక ఏడాది పాటు రెండేసి నెలలకొకసారి గుర్రాల వీపులు కొలిచారు. పని, బరువు, రుతువులను బట్టి ఆకారం మారుతూనే పోయింది. అరగంట స్వారీకే వీపు వెడల్పు కొద్దిగా పెరుగుతుందని, జీను బాగా అమరిన గుర్రాల్లో ఆ పెరుగుదల మరింత స్పష్టమని ఇంకో పరిశీలన. కండ పని చేస్తే ఉబ్బుతుంది, దానికి చోటు కావాలి. ఉదయం అంగుళం సందు లేకుండా అతికినట్టు కూర్చున్న జీను మధ్యాహ్నానికి బిగుసుకోవడం ఇందుకే.

దీనికి కెనడా చలికాలాన్ని కలపండి. అక్టోబరు దాటితే పోటీలు లేవు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా చాలా గుర్రాలు మంచులో ఎండుగడ్డి తింటూ, మూడు వేళ్లు దూరేంత దట్టమైన చలికోటు పెంచుకుని, పని లేకుండా ఉంటాయి. వెన్ను కండ తగ్గుతుంది, కొవ్వు చేరుతుంది, ఈ రెండూ ఆ బొచ్చు కింద కనబడవు. మే నెలలో తొలి పోటీకి ఎక్కే వీపు, సెప్టెంబరులో సన్నబడి కండపట్టిన వీపు ఒకటి కాదు. దీనికి తోడు ఒక్క రోజులోనే ఎంత నీరు పోతుందో గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయంలో గేల్ ఎకర్, మైకేల్ లిండింజర్ దూరపు స్వారీ గుర్రాల మీద కొలిచారు. ఎండలో పనిచేసే గుర్రం గంటకు 10 లీటర్లకు పైగా చెమటోడ్చగలదు. 450 కిలోల గుర్రం పోటీ పూర్తయ్యేసరికి తన బరువులో నాలుగు శాతం పోగొట్టుకుందంటే అది 18 కిలోలు. పొద్దున బిగించిన కడుపు పట్టీ మధ్యాహ్నం వదులవుతుంది. వదులైన జీను రుద్దుతుంది. తడిసిన చర్మం పొడి చర్మం కన్నా త్వరగా లేస్తుంది. ఉప్పూ మట్టీ చేరితే ఉప్పుకాగితమే. కాబట్టి ప్రతి ఆపులోనూ జీను తీసి, వీపు కడిగి, ఆరిన ప్యాడ్ వేయడం బద్ధకించకూడని పని.

అందుకే కొలతల కాగితం ఉంచుకోమంటారు జీను అమర్చేవాళ్లు. వంచితే వంగిన చోటే నిలిచే రబ్బరు స్కేలు డ్రాయింగ్ సామాను దుకాణంలో దొరుకుతుంది. గుర్రాన్ని సమతలమైన నేల మీద నాలుగు కాళ్లూ సమంగా నిలబెట్టి, పలక ఎముక వెనక రెండు వేళ్ల దూరాన మూపు మీదుగా స్కేలు వంచి, ఆ గీతను అట్ట మీద దించాలి. అక్కడి నుంచి జానెడు వెనక ఒకటి, చివరి పక్కటెముక దగ్గర ఇంకొకటి, వెన్ను పొడవునా ఒకటి. తేదీ రాయాలి. రెండు నెలలకు మళ్లీ. ఎడమా కుడీ గీతలు సరిగ్గా ఒకలా రాకపోతే కంగారు పడనక్కర్లేదు, చాలా గుర్రాలకు ఒక భుజం ఇంకోదాని కన్నా పెద్దదే. జీనును పెద్ద భుజానికి సరిపడేలా ఎంచి, చిన్న భుజం వైపు పలచని మెత్త వేసి సర్దుతారు. కొత్త జీను కొన్ని వేల డాలర్ల సరుకు. వారం పది రోజులు వాడి చూసి తిరిగి ఇవ్వనిచ్చే చోట కొనడం, చట్రం వెడల్పు మార్చగలిగేదో మెత్తల్లో ఉన్ని తీసి నింపగలిగేదో ఎంచడం మంచిది. 1986లో ప్రపంచ డ్రస్సేజ్ పోటీలకు జీను పనివాడిగా ఒంటారియో వచ్చి అక్కడే స్థిరపడిన జర్మన్ నిపుణుడు యోఖెన్ ష్లీజె లాంటివాళ్లు ఈ సర్దుబాటు పనినే ఒక వృత్తివిద్యగా నేర్పారు. అయితే పెద్ద పెద్ద దూరాల పచ్చిక రాష్ట్రాల్లో జీను పనివాడు ఏడాదికి ఒకటి రెండుసార్లే అటు వస్తాడు. మధ్యలో చూసుకోవాల్సింది రౌతే.

చూసుకోవడం పెద్ద విద్యేమీ కాదు. ఒక గంట స్వారీ తర్వాత ప్యాడ్ తీసి చెమట మరకలు చూడండి. ఇరువైపులా ఒకే తీరున తడి ఉండి, వెన్ను నడుమ మాత్రం పొడిగా ఉంటే బాగు. తడి నడుమ రూపాయి బిళ్లంత పొడి మచ్చ మూపు పక్కన కనిపిస్తే అనుమానించండి, రెండోసారీ అక్కడే కనిపిస్తే నమ్మండి. మరీ విశాలమైన పొడి చోటు మాత్రం జీను అక్కడ అసలు తాకడం లేదనీ కావచ్చు. మచ్చ ఒక్కటే చూసి తీర్పు చెప్పకుండా చేత్తో నొక్కి సరిచూసుకోవాలి. వెంట్రుకలు ఎదురు తిరిగి చిక్కుపడిన చోట జీను రుద్దుతోంది. మర్నాడు పొద్దున మళ్లీ వేళ్లతో నొక్కి చూడాలి, ఎందుకంటే కండ నొప్పి ఆలస్యంగా బయటపడుతుంది. జీను తేగానే చెవులు వెనక్కి పెట్టే గుర్రాన్ని పొగరుబోతు అనేముందు ఈ పని చేయాలి. రౌతు వంతు కూడా కొంత ఉంది: వియన్నాలో 2010లో కొలిచినప్పుడు, ట్రాట్‌లో చతికిలబడి కూర్చుంటే వీపు మీద 2,100 న్యూటన్లకు పైగా పడిన బలం, రికాబుల మీద లేచి ముందుకు వంగితే 1,700 లోపుకు దిగింది. జీను మార్చకుండానే ఐదో వంతు లాభం. దానికి రౌతుకు కాళ్లలో సత్తువ కావాలి.

ఇన్ని చూసినా జీను ఒక పక్కకే జారుతూ ఉంటే? రౌతులు ముందు రికాబుల పొడవు సరిచూస్తారు, తర్వాత జీను మారుస్తారు, ఆ తర్వాత ప్యాడ్. గ్రీవె, డైసన్ ఇంగ్లండులో 128 గుర్రాలను పరీక్షించారు. వెనక కాలిలో కుంటు ఉన్న వాటిలో సగానికి పైగా గుర్రాల మీద జీను ఒక పక్కకు జారింది. ఆ కుంటు చాలాసార్లు రౌతుకు తెలియనంత చిన్నది. నొప్పి ఉన్న చోట మత్తుమందు ఇచ్చి కుంటును తాత్కాలికంగా పోగొట్టగానే, దాదాపు అన్నింటిలోనూ అదే జీను, అదే రౌతు కింద, తిన్నగా నిలిచింది. కాబట్టి ఆ సందర్భంలో జీను పనివాడి కన్నా ముందు ఫోను చేయాల్సింది పశువైద్యుడికి. జీను అమ్మేసే ఆలోచన వెనక కాళ్ల పరీక్ష అయ్యాకే.